వారానికో రోజు పస్తుంటే ఒళ్ళు తగ్గుద్దా? శనివారం ఉపవాసాల లెక్క

మూడులాంతర్లు (విజయనగరం)
మన జిల్లాల్లో ఉపవాసం కొత్త కాదు. శనివారాలు, ఏకాదశులు, కార్తీక సోమవారాలు, మార్గశిర లక్ష్మివారాలు ఎలాగూ ఉంటూనే ఉంటాం. ఆ రోజుల్నే పొట్ట దగ్గర కొవ్వు తగ్గించుకోడానికి కూడా వాడుకోవాలంటే ఎలా ఉండాలి? ఎన్ని గంటలు, ఏం తాగాలి, సాయంత్రం ఏం తినాలి, ఎవరు ఉండకూడదు? తెలిసినవాళ్ళు కొలతలతో సహా రాయండి. "ఒంటికి మంచిది" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఎవరికీ పనికిరాదు.

నాగావళి గట్టు
ముందు లెక్క తేలిపోవాలి. ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. కూర్చుని పనిచేసే మనిషికి రోజుకి 2,000 కేలరీలు ఖర్చవుతాయనుకుందాం. ఉపవాసం రోజు 600 తింటే లోటు 1,400. అంటే సుమారు 180 గ్రాముల కొవ్వు. నెలకి నాలుగు శనివారాలు కలిపితే ముప్పావు కిలోకి కాస్త తక్కువ. ఇదీ గరిష్ఠం, మిగతా ఆరు రోజులూ మామూలుగా తింటేనే. వారానికి రెండు రోజులైతే దానికి రెట్టింపు.

మరి ఆదివారం పొద్దున్న కాటా ఎక్కితే కిలో, కిలోన్నర తగ్గినట్టు కనిపిస్తుంది కదా అంటారు. అది కొవ్వు కాదు. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో 300 నుంచి 500 గ్రాముల దాకా గ్లైకోజెన్ (ఒళ్ళు దాచుకునే పిండిపదార్థం) నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాముతో పాటు మూడు గ్రాముల వరకు నీళ్ళుంటాయి. ఉపవాసంలో ఆ నిల్వ కొంత ఖర్చవగానే దాంతో ఉన్న నీళ్ళూ పోతాయి. పేగులూ ఖాళీ అవుతాయి. సోమవారానికల్లా అంతా తిరిగొస్తుంది. అది చూసి "మళ్ళీ పెరిగిపోయాను" అని మానేసేవాళ్ళు ఎక్కువ. అందుకే బరువు ఉపవాసం మర్నాడు చూడకండి. శుక్రవారం పొద్దున్న లేచి, దొడ్డికెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు చూడండి. ప్రతి వారం అదే రోజు, అదే కాటా.

నడుం కొలత ఇంకా నమ్మకమైనది. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యన టేపు పెట్టి, ఊపిరి వదిలాక చూడాలి. ప్యాంటు కట్టుకునే చోట కొలిస్తే పొట్ట కిందకి జారినవాళ్ళకి కొలత తప్పు వస్తుంది. మనవాళ్ళకి మగవాళ్ళలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళలో 80 దాటితే జాగ్రత్త పడాలి.

గంటస్తంభం సెంటర్
నాగావళి గట్టు గారి లెక్క సరైనదే. అది ఎక్కడ పాడవుద్దో చెప్తాను: ఫలహారం దగ్గర.

అన్నం ముట్టకపోతే ఉపవాసమే అనుకుంటాం. సగ్గుబియ్యం కిచిడీ తీసుకోండి. సగ్గుబియ్యం 75 గ్రాములు, వేరుశనగ గుళ్ళు 30 గ్రాములు, చిన్న బంగాళాదుంప, రెండు చిన్న చెంచాల నూనె. ఇదే 580 కేలరీల దాకా ఉంటుంది. మధ్యాహ్నం మూడు అరటిపళ్ళు, సాయంత్రం పంచదార వేసిన గ్లాసుడు పాలు కలిపితే వెయ్యి దాటింది. రాత్రి "టిఫినే కదా" అని ఉప్పుడుపిండో పెసరట్టు ఉప్మానో తింటే మామూలు రోజుకీ దీనికీ తేడా లేదు. పైగా సగ్గుబియ్యంలో పిండిపదార్థం తప్ప మాంసకృత్తులు లేనట్టే, రెండు గంటలకల్లా మళ్ళీ ఆకలేస్తుంది.

దేవుడికి ఫలహారం చేసుకోవడం వేరే సంగతి, అందులో తప్పేమీ లేదు. కొవ్వు తగ్గాలన్న ఉద్దేశం ఉంటే మాత్రం పగలంతా నీళ్ళు, పల్చటి మజ్జిగ, సాయంత్రం ఒక్క భోజనం. కార్తీక సోమవారం నక్షత్రాలు చూసి తినే నక్తం పద్ధతి దీనికి చక్కగా సరిపోతుంది. కాకపోతే ఆ రాత్రి పులిహోర, గారెలు, పరమాన్నం వండుకుంటే పగలంతా పడ్డ కష్టం ఆ విస్తట్లోనే పోతుంది.

సిక్కోలు చోడిచేను
సాయంత్రం ఏటి తినాలో ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తన్నాను. మన తిండిలోనే ఉంది.

చోడిపిండి (రాగిపిండి) 30 గ్రాములు, అంటే మూడు పెద్ద చెంచాలకి దగ్గర. ముందురోజు రాత్రి గ్లాసుడు నీళ్ళలో కలిపి మూతేసి ఉంచాల. మర్నాటికి కొంచెం పులుస్తాది. సాయంత్రం రెండు గ్లాసుల నీళ్ళు మరగబెట్టి, ఆ పిండి నీళ్ళు పోస్తూ కలుపుతూనే ఉండాల, లేకపోతే ఉండలు కడతాది. పచ్చివాసన పోయేదాకా సన్నసెగ మీద ఉడికించి దించాల. చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు. వేడి మీద మజ్జిగ పోస్తే విరిగిపోద్ది. మొత్తం 140 కేలరీలు.

దాంతో ఉలవల గుగ్గిళ్ళు: ఎండువి 50 గ్రాములు, రాత్రే నానబెట్టి, కుక్కర్లో అయిదారు కూతలు. 170 కేలరీలు, మాంసకృత్తులు 11 గ్రాములు. ఉడికిన నీళ్ళు పారబొయ్యకండి, చారు పెట్టుకోండి. ఆనపకాయో బీరకాయో చెంచాడు నూనెతో కూర, చిన్న కప్పు పెరుగు, ఒక జామకాయ. అన్నీ కలిపితే 570 లోపే. కడుపు నిండుతాది, రాత్రి నిద్ర పడతాది.

ఖాళీ కడుపు మీద గుగ్గిళ్ళు గబగబా తింటే కడుపుబ్బరం చేస్తాది. ముందు అంబలి తాగి, పావుగంట ఆగి తినండి.

బొబ్బిలి కోట
చోడిచేను గారి భోజనం బాగుంది. దాని మీద ఒక్క మాట. మొత్తం కలిపినా మాంసకృత్తులు పాతిక గ్రాములకి మించవు. ఒక్క రోజుకి పర్వాలేదు, మిగతా రోజుల్లో కిలో బరువుకి 1.2 గ్రాములైనా తినాలి. 70 కిలోల మనిషికి 84 గ్రాములు. గుడ్డుకి 6, వంద గ్రాముల చేపకి 18 నుంచి 20, కప్పు పప్పుకి 7 నుంచి 9 వస్తాయి. అన్నం, చారు, ఆవకాయతో ఆరు రోజులు గడిపి ఏడో రోజు పస్తుంటే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. కాటాలో అంకె తగ్గుతుంది, మనిషి నీరసించిపోతాడు. వారానికి రెండు మూడు రోజులు గుంజీలు, దండీలు, ఏదో ఒక బరువు ఎత్తే పని పెట్టుకోండి. ఉపవాసం రోజు మాత్రం నడక చాలు.

మూడులాంతర్లు (విజయనగరం)
అందరికీ ధన్యవాదాలు. తలనొప్పి సంగతి? మధ్యాహ్నం మూడింటికి మొదలవుతుందని చాలామంది చెప్తున్నారు. ఇంకోటి, ఒకేసారి 24 గంటలు ఉండొచ్చా?

గంటస్తంభం సెంటర్
తలనొప్పికి ముఖ్యంగా మూడు కారణాలు: నీళ్ళు చాలకపోవడం, ఉప్పు తగ్గడం, టీ ఒక్కసారిగా మానేయడం. రోజుకి నాలుగు టీలు తాగేవాళ్ళకి మూడోదే అసలు కారణం. పాలు, పంచదార లేని డికాక్షన్ పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం ఒకటి తాగితే ఉపవాసం చెడదు, తలా పట్టేయదు. మజ్జిగకి కొలత: మూడు పెద్ద చెంచాల పెరుగు, గ్లాసుడు నీళ్ళు, పావు చెంచా ఉప్పు, అల్లం. ఇలాంటివి రోజులో రెండు. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు వేసుకోకండి. నీళ్ళు మొత్తం రెండున్నర లీటర్లు, ఒకేసారి కాకుండా రోజంతా పంచుకుని.

24 గంటలకి మెట్లుగా వెళ్ళండి. మొదటి రెండు వారాలు రాత్రి ఎనిమిది తర్వాత ఏమీ తినకుండా, పొద్దున్న పదికి టిఫిను. అది 14 గంటలు. తర్వాత రెండు వారాలు మధ్యాహ్నం పన్నెండు దాకా. అది ఇబ్బంది లేకుండా జరిగితేనే శుక్రవారం రాత్రి ఏడున్నర నుంచి శనివారం రాత్రి ఏడున్నర దాకా. 24 గంటలు దాటి సాగదీస్తే అదనంగా వచ్చే లాభం కన్నా మర్నాడు ఎగబడి తినే ప్రమాదమే ఎక్కువ. నిర్జల ఏకాదశిలా నీళ్ళు కూడా మానేయడం ఈ పనికి అస్సలు వద్దు. నీళ్ళు మానేస్తే కొవ్వేమీ ఎక్కువ కరగదు.

ఉద్దానం కొబ్బరితోట
ఆ చివరి మాట నేను గట్టిగా మళ్ళీ చెప్తాను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల వాళ్ళు ఈ చర్చ చదువుతుంటే ఒక్క నిమిషం ఆగండి. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందికి ఉందో తెలిసిందే. మొదట్లో ఏ లక్షణమూ కనిపించదు. ఉపవాసం మొదలుపెట్టే ముందే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోండి. రెండూ బాగుంటేనే ముందుకెళ్ళండి. తేడా ఉంటే డాక్టరు ఒప్పుకోకుండా పస్తులు వద్దు, ఎక్కువ మాంసకృత్తుల సలహా కూడా మీకు వర్తించదు.

కొబ్బరినీళ్ళ గురించీ చెప్పాలి. మామూలు మనిషికి ఉపవాసంలో గ్లాసుడు కొబ్బరినీళ్ళు మంచివే, 45, 50 కేలరీలకి మించవు. కానీ వాటిలో పొటాషియం చాలా ఎక్కువ. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి అది ఒంట్లోంచి పోదు, గుండె లయ తప్పుతుంది. తోటలో చెట్టుంది కదా అని ఇంట్లో అందరికీ ఒకేలా కొట్టి ఇవ్వకండి.

అన్నిటికన్నా భయపడాల్సింది ఇది: ఉపవాసంలో తలనొప్పో ఒళ్ళునొప్పులో వస్తే మెడికల్ షాపులో డైక్లోఫెనాకో ఐబుప్రోఫెనో కొని ఖాళీ కడుపున వేసుకోవడం. నీళ్ళు తగ్గిన ఒంట్లో ఆ మాత్రలు మూత్రపిండాలకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. కడుపులో పుండు సంగతి సరేసరి. తలనొప్పి తగ్గకపోతే మాత్ర వేసుకోకండి, ఉపవాసం విడిచేయండి.

ఎండలో పనిచేసే రోజు కూడా ఉండకండి. తోట తవ్వకం, జీడిగింజల కోత, వేటకెళ్ళే రోజు, ఏదైనా సరే. పనిలేని రోజు చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోతకి కూర్చున్నచోటే చెమట కారిపోతుంది, ఆ రెండు నెలలూ 14 గంటలతో సరిపెట్టుకోవడం మేలు.

మందుల చీటీ
షుగరు ఉన్నవాళ్ళకి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిబెంక్లమైడ్, గ్లిక్లజైడ్, వీటిలో ఏది వాడుతున్నా, తినకుండా వేసుకుంటే షుగరు పడిపోతుంది. ఉపవాసం రోజు మోతాదు ఎంత, ఎప్పుడు అన్నది డాక్టరే చెప్పాలి, పక్కింటివాళ్ళ చీటీ చూసి మార్చుకోకూడదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి ఆ ప్రమాదం తక్కువ. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ళకి వేరే ప్రమాదం ఉంది. షుగరు మామూలుగానే కనిపిస్తున్నా రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరగొచ్చు. వాంతులు, ఆయాసం, కడుపునొప్పి వస్తే ఇంట్లో కూర్చోకండి.

వణుకు, చెమటలు, గుండెదడ, మాట తడబాటు కనిపిస్తే వెంటనే మూడు చిన్న చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. మీటరులో 70 కన్నా తక్కువ చూపించినా అంతే. పావుగంటకి మళ్ళీ పరీక్ష. "సాయంత్రం దీపం పెట్టేదాకా ఆగుతాను" అని పంతం పట్టకూడదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్ళ లోపు పిల్లలు, ఇప్పటికే బక్కగా ఉన్నవాళ్ళు వద్దు. గౌటు (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ళ జబ్బు) ఉన్నవాళ్ళకి ఉపవాసంలో యూరిక్ యాసిడ్ పెరుగుతుంది, అడిగి చేయండి. థైరాయిడ్ మాత్ర మాత్రం పరగడుపున ఎప్పటిలాగే నీళ్ళతో వేసుకోవచ్చు.

నాగావళి గట్టు
ఇంకో సంగతి చెప్పకపోతే అన్యాయం. రోజు విడిచి రోజు ఉపవాసం ఉన్నవాళ్ళనీ, రోజూ కొంచెం కొంచెం తగ్గించి తిన్నవాళ్ళనీ షికాగోలో ఏడాది పాటు పోల్చి చూసి 2017లో ఫలితాలు ప్రచురించారు. బరువు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మధ్యలో మానేసినవాళ్ళు మాత్రం ఉపవాసం గుంపులో నూటికి 38 మంది, రోజూ తగ్గించినవాళ్ళలో 29 మంది. అంటే ఉపవాసంలో ప్రత్యేకమైన మహిమ లేదు. రోజూ కొలుచుకుని తినడం విసుగనిపించేవాళ్ళకి, శనివారం ఎలాగూ ఉండే అలవాటున్నవాళ్ళకి ఇది తేలికైన దారి, అంతే. రోజూ రెండు కప్పుల అన్నం ఒకటిన్నర చేసుకోగలిగినవాళ్ళకి పస్తుతో పనిలేదు.

ఆదివారం జాగ్రత్త కూడా అందుకే. శనివారం మిగిల్చిన 1,400లో, ఆదివారం బిర్యానీతో రోజూ తినేదానికన్నా 700 ఎక్కువ తింటే సగం పోయినట్టే. ఆదివారం పొద్దున్న రెండు గుడ్లో, పెసరట్టో తిని మొదలుపెడితే మధ్యాహ్నం చెయ్యి అదుపులో ఉంటుంది.

మూడులాంతర్లు (విజయనగరం)
కార్తీకమాసంలో శనివారం, సోమవారం రెండూ ఉండేవాళ్ళు ఏం చేయాలి? మధ్యలో ఆదివారం ఏకాదశి పడితే వరసగా మూడు రోజులవుతుంది.

గంటస్తంభం సెంటర్
వారానికి రెండే, మధ్యలో కనీసం ఒక రోజు నిండుగా తినాలి. శనివారం, సోమవారం సరిపోతాయి. మధ్యలో ఏకాదశి వస్తే దేవుడి కోసం ఏకాదశి ఉండండి, శనివారం, సోమవారం మామూలుగా తినండి. మూడూ ఉండి తీరాలనుకునేవాళ్ళు ఒక్క రోజే 600కి తగ్గించి, మిగతా రెండు రోజులూ అన్నం బదులు పాలు, పెరుగు, పళ్ళు, దుంపలతో కడుపు నిండా ఫలహారం చేయండి. ఆ వారం కాటా జోలికి వెళ్ళకండి.