గాఫ్ కట్టరు ష్రౌడ్లు మార్చాలి: స్టెయిన్‌లెస్సా, జింకు పూత తీగా?

మాల్డన్ (ఎసెక్స్) నుంచి: 26 అడుగుల పాత కొయ్య పడవ, గాఫ్ కట్టరు (ఒకే స్తంభం ఉన్న తెరచాప పడవ). మాస్టుకి (తెరచాప స్తంభానికి) పక్కకి రెండేసి ష్రౌడ్లు (దాన్ని నిలబెట్టే తాళ్ళు), ముందు ఫోర్‌స్టే (ముందువైపు పట్టే తాడు). అన్నీ 8 మి.మీ. జింకు పూత తీగతాళ్ళు. కింద డెడ్‌ఐలు (రంధ్రాలున్న కర్ర బిళ్ళలు), ల్యాన్యార్డులు (వాటిని బిగించే తాళ్ళు). డెడ్‌ఐకి పైన ఉన్న తాడు చుట్టులోంచి ఎర్రనీళ్ళు కారుతున్నాయి. అంతా మార్చేద్దామని ఉంది. స్టెయిన్‌లెస్ వేసి, పైన పాత పద్ధతిలోనే తారుతాడు చుట్టేస్తే తుప్పు బెడద తీరిపోతుంది కదా? మాస్టు దించకుండా ఒక్కోటే మార్చుకోవచ్చా?

విశాఖ నుంచి: స్టెయిన్‌లెస్ మీద చుట్టడం, మాస్టు దించకుండా మార్చడం, రెండూ వద్దండి. స్టెయిన్‌లెస్‌కి తుప్పు పట్టనిది గాలి తగిలినంత కాలమే. దాన్ని గుడ్డలో, తారులో మూసేసి ఉప్పునీరు చేరనిస్తే లోపల గుంటలు పడి పగుళ్ళిస్తుంది. పైకేమీ కనబడదు, తెగినప్పుడే తెలుస్తుంది. జింకు తీగ సంగతి పూర్తిగా తిరగేసి: తారులో కప్పి, నీరు చొరకుండా చూసుకుంటే దశాబ్దాలు నిలుస్తుంది. అంటే చుట్టేట్టయితే జింకు తీగ, చుట్టనిదైతే స్టెయిన్‌లెస్. మీ డెడ్‌ఐలు ఉంచుకుంటున్నారు కాబట్టి జింకు తీగే వేయండి.

7×7 (ఏడేసి తీగల పేటలు ఏడు) తీసుకోండి. 7×19 (పందొమ్మిదేసి సన్న తీగల పేటలు ఏడు) లాగుడు తాళ్ళకి మంచిది. ష్రౌడుకి వేస్తే సాగుతుంది, దానిలోని సన్న తీగలు త్వరగా తినేసుకుపోతాయి. 8 మి.మీ. 7×7 తెగే బరువు దాదాపు 4 టన్నులు. కొసలు ఫెర్రూల్‌తో (లోహపు గొట్టం ముక్కతో) నొక్కించేట్టయితే అల్యూమినియందే వేయించండి. రాగిది వేస్తే దాని పక్కనున్న జింకు పూతని తినేస్తుంది.

మాస్టు దించక తప్పదు. పైన ష్రౌడ్ల కన్నులు (మాస్టుకి తొడిగే ఉచ్చులు) ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి, పైవి తీయందే అడుగుది రాదు. అసలు చూడాల్సింది కూడా ఆ కన్నుల కిందే. వాన నీరు అక్కడ నిలిచి కొయ్య మెత్తబడుతుంది. బొటనవేలి గోరు దిగిందంటే ష్రౌడ్ల కంటే ముందు మాస్టు సంగతి చూడాలి.

సౌతాంప్టన్ నుంచి: దించే ముందు పై, కింది డెడ్‌ఐల మధ్య ఎడం కొలిచి రాసుకోండి. ఈ సైజు పడవకి 30 సెం.మీ. దగ్గర ఉండాలి. పాత తీగ సాగి అది 15కి వచ్చేసి ఉంటే, పాత పొడవుకే కొత్తది కోస్తే బిగించడానికి చోటు మిగలదు. ఆ తేడా కొత్త తీగలో తగ్గించండి.

కన్ను పొడవు అక్కడి మాస్టు వ్యాసానికి మూడు రెట్లు. 140 మి.మీ. మాస్టయితే 420. పొట్టిగా చేస్తే కన్ను మెడ దగ్గర విచ్చుకుని స్ప్లైస్‌ని (పేటలు తిరిగి తీగలోకి దూర్చి అల్లిన అతుకుని) చీలుస్తుంది. ఎక్కించే వరస: కుడి ముందరిది, ఎడమ ముందరిది, కుడి వెనకది, ఎడమ వెనకది, అన్నిటి మీదా ఫోర్‌స్టే. చుట్టు, తోలు కలిపి ఒక్కో కన్ను 2 సెం.మీ. మందం ఉంటుంది, కాబట్టి తర్వాతిది ఆ మేరకి పొడవుండాలి. నాలుగూ ఒకే కొలతకి కోసి అవస్థపడేవాళ్ళే ఎక్కువ.

స్ప్లైస్ చేతితో వేసేట్టయితే లివర్‌పూల్ పద్ధతి వద్దు. తీగ కొస తిరగడానికి వీలుంటే అది విప్పుకుంటుంది. పేటలు ఒకదాన్నొకటి పట్టేసే నేవీ పద్ధతి వేయండి, ఐదు దూర్పులు. కొసకి అర మీటరు విడవండి.

మాల్డన్ నుంచి: ఒక్కో ష్రౌడు సుమారు 8 మీటర్లు. ఎంత కొనాలి? చుట్టు ఎటువైపు వేయాలి? రెండు డెడ్‌ఐలు పగిలాయి కూడా. సంక్రాంతికి కాకినాడ వస్తున్నాను, తాళ్ళరేవులో చేయించుకోవచ్చా?

విశాఖ నుంచి: కన్నులకి, స్ప్లైస్‌లకి, డెడ్‌ఐ చుట్టూ మడతకి కలిపి ఒక్కోదానికి 10 మీటర్లు లెక్కేసుకోండి. ఫోర్‌స్టేతో 55 మీటర్లు కొంటే సరిపోతుంది. చుట్టుకి 3 మి.మీ. తారు జనపతాడు. తీగ మీటరుకి సుమారు 14 మీటర్ల తాడు పడుతుంది. పై కన్ను, కింద మీటరున్నర మాత్రమే చుట్టినా నాలుగు ష్రౌడ్లకి 160 మీటర్లు దాటుతుంది, 200 తెచ్చుకోండి.

తీగని రెండు గుంజల మధ్య నడుం ఎత్తున బిగించి, స్టాక్‌హోమ్ తారు (పైన్ చెట్టు తారు) పేటల సందుల్లోకి దిగేదాకా పట్టించండి. తారులో తడిపిన గుడ్డ పట్టీని డెడ్‌ఐ వైపు నుంచి పైకి, పురి వెంటే చుట్టాలి. ఒక్కో మడత కిందిదాని మీద పెంకులు పేర్చినట్టు పడితే నీరు జారిపోతుంది. పైనుంచి కిందికి చుడితే ప్రతి మడతా నీళ్ళు పట్టే దొప్పే. మీ ఎర్రనీళ్ళకి కారణం ఇదేమో విప్పేటప్పుడు చూడండి. గుడ్డ మీద తాడు మాత్రం పురికి ఎదురుగా, మ్యాలెట్‌తో (తాడు చుట్టే కొయ్య సుత్తితో), గోరు దూరనంత బిగువుగా.

తాళ్ళరేవు నుంచి: డెడ్‌ఐకి నల్లతుమ్మ చేవ బాగుంటుందండి, బండి చక్రాలకి వాడే కర్రే. తెల్లకర్ర అసలు కలవకూడదు. లేతు మీద పెట్టేముందు కర్ర బాగా ఆరాలి. పచ్చిది పగలకుండా ఉండదు. 10 మి.మీ. ల్యాన్యార్డుకి 12 మి.మీ. రంధ్రాలు. రంధ్రాల అంచులు గుండ్రంగా అరగదీయమనండి, పదునుంటే అక్కడే తాడు తెగుతుంది. తర్వాత వారం రోజులు అవిసె నూనెలో నానబెట్టండి.

సౌతాంప్టన్ నుంచి: ల్యాన్యార్డుకి ముందే సాగదీసిన మూడు పేటల పాలియెస్టర్ తాడు, ఒక్కోదానికి 4 మీటర్లు. రంధ్రాలకి పశువుల కొవ్వు రాస్తే ఆరు వరసలూ సమంగా బిగుస్తాయి. అతిగా లాగొద్దు. మాస్టు పాదం అడుగుకి దిగబడి కీల్ (పడవ అడుగు దూలం) పక్క పలకల సందులు తెరుచుకుంటాయి, ఆ లీకు ష్రౌడ్ల వల్లేనని ఎవరికీ తట్టదు. గాలివాలు వైపు ష్రౌడ్లు కాస్త వదులవడం సహజం. రెండు మూడు సార్లు తెరచాప ఎత్తి తిరిగాక మళ్ళీ బిగించండి.

మాల్డన్ నుంచి: ఏటేటా పైన ఏం పూయాలి?

విశాఖ నుంచి: తారు, కాచిన అవిసె నూనె కలిపి ఏడాదికోసారి, ఎండగా ఉన్న రోజు. పూసిన గుడ్డల్ని కుప్పగా పడేయకండి, ఆ నూనె ఆరేటప్పుడు వేడెక్కి దానంతటదే అంటుకుంటుంది. నీళ్ళలో ముంచి, మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి.