జార్జియన్ పార్సర్: ఆయోరిస్ట్ వాక్యాల్లో కర్త, కర్మ తారుమారు

చెట్టుకొమ్మ:
జార్జియన్‌కి రూల్స్‌తో డిపెండెన్సీ పార్సర్ (వాక్యంలో ఏ పదం దేనికి కర్తో, కర్మో తేల్చే ప్రోగ్రామ్) రాస్తున్నాను. నామినేటివ్ (ప్రథమా విభక్తి) అయితే కర్త, డేటివ్ (చతుర్థి లాంటిది) అయితే కర్మ అని పెట్టాను. "బిచి త్సెరిల్స్ త్సెర్స్" (కుర్రాడు ఉత్తరం రాస్తున్నాడు) బాగానే వస్తోంది. "బిచ్‌మ త్సెరిలి దత్సెర" (రాశాడు) దగ్గర ఉత్తరమే కర్త అయి కూర్చుంటోంది. పదక్రమాన్ని నమ్ముకుందామంటే అదీ నిలకడగా ఉండదు. ఎక్కడ సరిచేయాలి?

వ్యాకరణి:
నామవాచకం నుంచి మొదలుపెట్టడమే చిక్కండీ. ముందు క్రియ ఏ సిరీస్ (కాలాల గుంపు), ఏ క్లాస్ (క్రియల వర్గం) అన్నది తేల్చండి, విభక్తికి అర్థం ఆ తర్వాతే. సకర్మక క్రియకు మొదటి సిరీస్‌లో (వర్తమానం, భవిష్యత్తు) మీ రూల్ సరిపోతుంది. రెండోదైన ఆయోరిస్ట్‌లో (ముగిసిన పనిని చెప్పే భూతకాలం) కర్తకు ఎర్గేటివ్ ("బిచ్‌మ" లోని "మ" విభక్తి), కర్మకు నామినేటివ్. మూడోదైన పర్ఫెక్ట్‌లో "బిచ్స్ త్సెరిలి దఉత్సెరియ": కర్తే డేటివ్‌లోకి పోయింది. "అమ్మకు" రాశాడనాలంటే మొదటి రెండింట్లో అమ్మ డేటివ్. మూడోదానిలో ఆ చోటు కర్త తీసుకుంది కాబట్టి "దెదిస్‌త్విస్" అవుతుంది.

ఎర్గేటివ్ కనిపించగానే కర్మ కోసం వెతక్కండి. "బవ్ష్వ్‌మ ఇతిర" (పిల్లవాడు ఏడ్చాడు) అకర్మకమే, అయినా ఎర్గేటివ్. "బవ్ష్వి మొవిద" (వచ్చాడు) మాత్రం నామినేటివ్. కాబట్టి నిఘంటువులో ప్రతి క్రియకూ క్లాస్ రాసుకోక తప్పదు.

ఇక "మిక్వర్స్" (అతనంటే నాకు ప్రేమ) తరహా క్రియలు మన "నాకు ఇష్టం" లాంటివే, అనుభవించేవాళ్లు డేటివ్. తేడా ఏమిటంటే అక్కడ క్రియ ఇద్దరితోనూ అన్వయిస్తుంది. "మిక్వర్‌ఖర్" (నువ్వంటే నాకు ప్రేమ) లో మొదటి "మ్" నేను, చివరి "ఖర్" నువ్వు.

టోకెన్‌రాజు:
చివర "స్" ఉంటే డేటివ్ అనే రెజెక్స్ (అక్షరాల నమూనాతో వెతికే సూత్రం) ఉంటే ముందు దాన్ని పీకేయండి. "త్సెర్స్" లో స్ క్రియా ప్రత్యయం, "బిచిస్" (కుర్రాడి) లో షష్ఠి. ఫైనైట్ స్టేట్ అనలైజర్ (పదాన్ని ధాతువు, ప్రత్యయాలుగా విడదీసే ప్రోగ్రామ్) కావాల్సిందే. నార్వేలోని బెర్గెన్‌లో పాల్ మ్యూరర్ ఎక్స్‌ఎల్‌ఈ అనే వ్యాకరణ సాఫ్ట్‌వేర్‌లో రాసిన ఎల్‌ఎఫ్‌జీ (లెక్సికల్ ఫంక్షనల్ గ్రామర్) పద్ధతి జార్జియన్ వ్యాకరణం ఆ దారిలోనే నడిచింది. పోల్చి చూసుకోవడానికి యూనివర్సల్ డిపెండెన్సీస్‌లో జీఎల్‌సీ అనే జార్జియన్ ట్రీబ్యాంక్ (విశ్లేషించి పెట్టిన వాక్యాల భాండారం) ఉంది.

అనలైజర్ ఒక్క జవాబే ఇవ్వాలని పట్టుబట్టకండి. "గ్ఖెదవ్త్" కు నాలుగు అర్థాలు: నేను మిమ్మల్ని, మేము నిన్ను, మేము మిమ్మల్ని, అతను మిమ్మల్ని చూడటం. "గ్" ఉన్నచోట "నేను" ను సూచించే "వ్" నిలవదు, అందుకే ఈ గందరగోళం. సర్వనామం పక్కన ఉన్నా విభక్తి తెలియదు: "మె" (నేను), "షెన్" (నువ్వు) నామినేటివ్, ఎర్గేటివ్, డేటివ్ మూడింటిలోనూ మారవు. నాలుగూ ఉంచి, చివర్లో స్కోర్ వేయండి. వచనం కలవలేదని వాక్యాన్ని కొట్టేయకండి. ప్రాణంలేని బహువచన కర్తకు క్రియ ఏకవచనంలోనే వస్తుంది.

శీర్షికల్లో పదాలు దొరకడం లేదంటే అది మ్తవ్రులి అయ్యుంటుంది. 2018లో యూనికోడ్ (అక్షరాలకు సంఖ్యలిచ్చే ప్రమాణం) 11తో వేరే బ్లాక్‌లో చేరిన పెద్దక్షరాలవి. పైథాన్‌లో ముందే లోయర్ చేయండి. అప్పర్ చేశారా, మామూలు పాఠమంతా ఆ బ్లాక్‌లోకి పోతుంది.

చెట్టుకొమ్మ:
క్లాస్ కాలమ్ చేరుస్తాను. "దఉత్సెరియ" కు అర్థం ట్యాగ్ ఏమివ్వాలి? "రాశాడు" అంటే చాలా?

వ్యాకరణి:
చాలదు. అది "రాశాడట", "రాసినట్టుంది": కళ్లారా చూడనిది. ఎవిడెన్షియల్ ట్యాగ్ ఇవ్వండి, కానీ ముందు నిషేధార్థకం ఉందేమో చూశాకే. "అర్ దఉత్సెరియ" అంటే ఉత్త "రాయలేదు", అందులో "అట" ఉండనక్కర్లేదు. "వెర్ దఉత్సెరియ" అయితే "రాయలేకపోయాడు".