పైన నెట్టినా కదలని పెట్టె: ఎదురు తిప్పే బలం ఎక్కడ నుంచి వస్తోంది?

భ్రామకాల (బలాలు వస్తువును తిప్పే ప్రభావాల) లెక్కలో ఒక చోట ఆగిపోయాను, తెలిసినవారు కాస్త వివరించగలరా?

120 సెం.మీ. ఎత్తు, 40 సెం.మీ. వెడల్పు, 300 న్యూటన్ల బరువున్న పెట్టె. గరిమనాభి (బరువంతా పనిచేస్తున్నట్టు తీసుకునే బిందువు) సరిగ్గా మధ్యలో. ఘర్షణ గుణకం 0.3, కాబట్టి జారాలంటే 90 న్యూటన్లు కావాలి. పై అంచు దగ్గర అడ్డంగా నెడితే 50 న్యూటన్లకే ఒరుగుతుంది, అంటే జారకముందే పడుతుంది. సగం ఎత్తులో నెడితే ఒరగడానికి 100 కావాలి, కనుక ముందు జారుతుంది. ఇంతవరకు పేచీ లేదు.

చిక్కంతా పైన 30 న్యూటన్లతో నెట్టినప్పుడే. పెట్టె కదలదు. కానీ గరిమనాభి చుట్టూ చూస్తే నెట్టే బలం, నేల ఘర్షణ రెండూ ఒకే వైపు తిప్పుతున్నాయి: మొత్తం 36 న్యూటన్ మీటర్లు. బరువుకు అక్కడ భ్రామకమే లేదు. నేల ప్రతిచర్య (నేల పెట్టెను పైకి నెట్టే బలం) మధ్య నుంచి 12 సెం.మీ. అవతలికి జరిగితే లెక్క కుదురుతుంది. కాగితం మీద సరే, పెట్టె వెంట్రుకవాసి కూడా ఒరగలేదే, మరి ఆ ప్రతిచర్య ఎందుకు జరుగుతుంది? అడుగున నేల ఒక పక్క ఎక్కువగా, మరో పక్క తక్కువగా నొక్కుకుపోవడం వల్లనా?

అడుగుకు బదులు మూలల్లో నాలుగు కాళ్లుంటే అవతలి జత మీద 240, ఇవతలి జత మీద 60 న్యూటన్లు వస్తున్నాయి నాకు. సరైనదేనా?