సమస్య: సొంత యింటఁ దానె చుట్టమయ్యె

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. కార్యాలయ విండోస్ కంప్యూటరులో మన ప్రొఫైలు, అంటే మన దస్త్రాలూ అమరికలూ ఉండే గూడు, పాడైతే తాత్కాలిక ప్రొఫైలు తెరుచుకుంటుంది కదా, ఆ అవస్థే వస్తువు. 'ప్రొఫైలు' జగణం, 'రిజిస్ట్రీ' (విండోస్ తన అమరికలు రాసుకునే పట్టిక) యగణం. ఆటవెలదిలో ఏ గణమూ లఘువు వెంట గురువుతో మొదలుకాదు. వాటితో కుస్తీ పట్టకుండా తెలుగు మాటలు వెతకండి.

మొదటి పూరణ:
తలుపు తెరువఁగానె తనదైన తెర లేదు
దాచుకొన్న పాత దస్త్రమేది
పేరు పిలిచి కూడ వేరుగాఁ జూచెను
సొంత యింటఁ దానె చుట్టమయ్యె

నిర్వాహకుడు: పూరణ బాగున్నది. పేరు సరిగానే కనిపిస్తుంది, లోపల మాత్రం అంతా పరాయిదే. అయితే చూచినది ఎవరు? కర్త లేదు. 'పేరు పిలిచి పెట్టె వేరుగాఁ జూడఁగ' అంటే కర్తా వచ్చింది, నాలుగో పాదానికి అతుకూ కుదిరింది. అన్నట్టు, ఆ చుట్టరికంలో, అంటే తాత్కాలిక ప్రొఫైలులో, ఉండగా డెస్క్‌టాప్ మీద ఏదీ దాచకండి. లాగౌట్ అవగానే పోతుంది.

రెండవ పూరణ:
గూడు చెరిపి కూడ నామమ్ము చెరుపఁడు
పట్టికఁ గల దింక పాత దారి
కొత్త తెరను బరచి కూర్మితో రమ్మనె
సొంత యింటఁ దానె చుట్టమయ్యె

నిర్వాహకుడు: యూజర్స్ లోని తమ ప్రొఫైలు ఫోల్డరును చేత్తో తుడిచేసి, రిజిస్ట్రీలో పద్దును వదిలేసినవారి కథ. నేనూ ఒకసారి ఆ పని చేసి కూర్చున్నాను. కానీ మొదటి పాదంలో 'గూ'కు 'నా' యతి చెల్లదు. 'గుర్తింపు చెరుపఁడు' అనండి. యతితో పాటు విషయమూ సరిపడుతుంది. విండోస్ ఆ పట్టికలో మనుషులను పేరుతో కాదు, ఎస్-1-5-21తో మొదలయ్యే గుర్తింపు సంఖ్యతో రాసుకుంటుంది. ఫోల్డరు దారి ఆ సంఖ్య కిందే ఉంటుంది కాబట్టి మీ 'పాత దారి' చక్కగా కుదిరింది.

రెండవ సభ్యుడు: ధన్యవాదాలు గురువుగారూ. ఛందస్సు నా రిజిస్ట్రీని కూడా దిద్దింది!

మూడవ పూరణ:
తోక తగిలినట్టి తొలి పద్దు పడియుండె
తోక లేని పద్దు దొంగ పద్దు
తెలిసి కోయలేక దినమెల్లఁ దిరుగుచు
సొంత యింటఁ దానె చుట్టమయ్యె

నిర్వాహకుడు: భేష్! రెండో పాదం ఈ వారానికి నా మెప్పు పొందిన పాదం. రిజిస్ట్రీలో ప్రొఫైళ్ళ పద్దులుండే ప్రొఫైల్‌లిస్ట్‌లో ఒకే గుర్తింపు సంఖ్య రెండుసార్లు కనబడి, ఒకదాని చివర '.బ్యాక్' అనే తోక ఉంటే అసలుది అదే. తోక లేనిదాన్ని చూసి నిజమైనదని మోసపోతాము.

నాలుగవ సభ్యురాలు: అయ్యా, మరి తోక కోస్తే చాలా? నాకు వచనంలో చెప్పండి.

నిర్వాహకుడు: ముందుగా రిజిస్ట్రీ నకలు ఒకటి తీసి పెట్టుకోవాలమ్మా. ఒకే పేరుతో రెండు పద్దులు ఉండవు కనుక దొంగదాని పేరు మార్చాలి, ఆ తరువాతే అసలుదాని తోక తీయాలి. అందులో స్టేట్, రెఫ్‌కౌంట్ అనే విలువలు ఉంటే వాటిని సున్నా చేసి యంత్రాన్ని మళ్ళీ మొదలుపెట్టాలి. అసలు ఫోల్డరే చెడితే ఇదేదీ పనిచేయదు, కొత్త ప్రొఫైలు పెట్టుకోవలసిందే. దస్త్రాలను అందులోకి నకలు చేసుకోండి. అమరికలు దాచే ఎన్‌టీయూజర్.డీఏటీ ఫైలును మాత్రం తేవద్దు. చెడిన అమరికలు దాంతోనే వచ్చేస్తాయి. కార్యాలయ యంత్రంలో ఇదంతా అనుమతి ఉన్నవారు చేసే పని.

నాలుగవ పూరణ (మర్నాడు):
కొత్త యింటఁ జేరి కులికెను దస్త్రాలు
పాత బూజు నచటె వదలిపెట్ట
గోడ మీఁది బొమ్మ కుదరలే దొక్కటే
సొంత యింటఁ దానె చుట్టమయ్యె

నిర్వాహకుడు: గణాలు, యతులు సరిగా ఉన్నవి. 'బూజు' మంచి ప్రయోగం. కానీ చుట్టమైనది బొమ్మా, మీరా?

నాలుగవ సభ్యురాలు: ఇద్దరమూనండీ. బ్రౌజరులో బుక్‌మార్కులు కూడా ఇంకా రాలేదు.

నిర్వాహకుడు: అవి యాప్‌డేటా అనే దాగి ఉన్న ఫోల్డరులో ఉంటాయి. పాత గూటిని అప్పుడే చెరపకండి.