పిరేయస్‌లో ఓడ దిగి సొంతంగా అక్రోపొలిస్ చూసి వేళకి తిరిగి రావడం ఎలా?

గోదారిగట్టు (ప్రశ్న)

జూలైలో మా క్రూజ్ ఒక రోజు గ్రీస్‌లో, ఏథెన్స్ రేవు పిరేయస్‌లో ఆగుతుంది. ఉదయం 7కి రేవుకి చేరి సాయంత్రం 6కి బయల్దేరుతుంది. 5:30కల్లా అందరూ ఓడలో ఉండాలట. ముందు రోజు టర్కీలోని కుశదాసి, మర్నాడు గ్రీస్ దీవి మికొనోస్. మేమిద్దరం, అమ్మానాన్న, నాలుగేళ్ళ బాబు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఓడవాళ్ళ టూర్ ఐదుగురికి మోయలేని ధర. మెట్రోలో ఏథెన్స్ వెళ్ళి, కొండ మీది పురాతన ఆలయాల సముదాయం అక్రోపొలిస్ చూసి రావచ్చా? అక్రోపొలిస్ టికెట్ ఏ వేళకి తీసుకోవాలి? అందరం శాకాహారులం, ఇండియన్ పాస్‌పోర్టులు.

తెరచాప

వెళ్ళి రావచ్చండి, పదకొండు గంటల బస ఉంది కాబట్టి హడావుడి కూడా అక్కర్లేదు. కాకపోతే ఈ రోజుని చివరి నుంచి వెనక్కి లెక్క కట్టుకోవాలి. 5:30 గడువంటే 4:30కి ఓడ దగ్గర ఉండేలా చూసుకోండి. ఊళ్ళో రైలు కోసం ఎదురుచూడటానికి 10 నిమిషాలు, ప్రయాణం అరగంట లోపు, స్టేషన్ నుంచి రేవుకి పెద్దవాళ్ళ నడకన 20 నిమిషాలు, రేవులో సామాను తనిఖీకి 15 నిమిషాలు. అంటే 3:15కి ఏథెన్స్ నడిబొడ్డున ఉన్న సింటగ్మా స్టేషన్‌లో రైలెక్కాలి. ఇది కదలకూడదు. మిగతావన్నీ దీనికి లోబడి సర్దుకోవాలి.

ఇక టికెట్. 2023 సెప్టెంబర్ నుంచి అక్రోపొలిస్‌కి గంటల వారీ ప్రవేశం, రోజుకి 20,000 మంది పరిమితి పెట్టారు. ఎంచుకున్న వేళకి 15 నిమిషాల ముందు నుంచి 15 నిమిషాల తర్వాత వరకే గేటు దాటనిస్తారు. 2025 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్ళకి 30 యూరోలు. గ్రీస్ సాంస్కృతిక శాఖ అధికారిక టికెట్ సైట్‌లోనే కొనండి. వెతగ్గానే పైన కనిపించే సైట్లలో చాలావరకు ఆడియో గైడ్ తగిలించి ఎక్కువ ధరకి అమ్మే మధ్యవర్తులవి. బాబుకి ఉచితమే, అయినా అదే బుకింగ్‌లో వాడికీ ఉచిత టికెట్ తీసుకుని, వయసు చూపించడానికి పాస్‌పోర్ట్ కాపీ దగ్గర పెట్టుకోండి. కొన్నాక డబ్బు వాపసు రాదు.

9 గంటల టికెట్ తీసుకోండి. ఎండ ముదరకముందే దిగొచ్చేస్తారు.

పాలపిట్ట

తెరచాప గారు చెప్పిన లెక్క సరైనదే కానీ ఈ కుటుంబానికి 9 వద్దంటాను. ముందు రోజు కుశదాసి ఉంది చూడండి. టర్కీ షెంగెన్‌లో (ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల కూటమిలో) లేదు. అక్కణ్ణుంచి వచ్చే ఓడలోని ప్రయాణికులకి పిరేయస్‌లో పాస్‌పోర్ట్ తనిఖీ ఉంటే, 7కి రేవుకి చేరినా కిందికి దిగేసరికి 8 దాటొచ్చు. 9:15 దాటితే నాలుగు టికెట్లకి 120 యూరోలు పోయినట్టే. 10 గంటల టికెట్ తీసుకోండి, 10:15 వరకు వెసులుబాటు ఉంటుంది. తొందరగా చేరితే నీడలో కూర్చోవచ్చు.

అంతకన్నా ముఖ్యం వీసా. ఇటలీలోనో గ్రీస్‌లోనో ఎక్కి, మధ్యలో కుశదాసిలో ఆగి, మళ్ళీ గ్రీస్‌కి వస్తే అది షెంగెన్‌లోకి రెండో ప్రవేశం. ఒక్క ప్రవేశానికి ఇచ్చిన వీసా చాలదు. అప్లికేషన్‌లోనే మల్టిపుల్ ఎంట్రీ అడిగి, ఓడ రూట్ కాగితం జతచేయండి. టర్కీ వీసా విడిగా చూసుకోవాలి. అమెరికాలో ఉంటూ గ్రీన్ కార్డ్ లేదా హెచ్1బి మీద వచ్చే మనవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. పాస్‌పోర్ట్ ఇండియాదైతే అమెరికా వీసా మీద గ్రీస్‌లోకి రానివ్వరు.

గోదారిగట్టు

ఇటలీలో ఎక్కుతున్నాం. వీసా మల్టిపుల్ అడుగుతాం, ఆ సంగతి తట్టనే లేదు. మెట్రో దారి కాస్త వివరంగా చెబుతారా? టాక్సీ మేలా?

తెరచాప

కుశదాసి సంగతి పాలపిట్ట గారు సరిగ్గా పట్టుకున్నారు. 10కే తీసుకోండి.

పాత వ్యాసాలన్నీ పిరేయస్ నుంచి ఆకుపచ్చ లైన్, అంటే 1వ లైన్ ఎక్కమంటాయి. ఆ స్టేషన్ క్రూజ్ టెర్మినళ్ళకి దూరం. 2022 అక్టోబర్‌లో నీలం రంగు 3వ లైన్‌ని పిరేయస్ దాకా పొడిగించారు. దాని చివరి స్టేషన్ దిమోతికో థియాత్రో. టెర్మినల్ ఏ నుంచి సుమారు కిలోమీటరు నడక. టెర్మినల్ బి దగ్గర ఆగితే ఇంకా దూరం, అప్పుడు అమ్మగారిని నడిపించకండి. ఏ టెర్మినలో ముందు రోజు రాత్రే ఓడలో అడిగి తెలుసుకోండి.

స్టేషన్‌లో టికెట్ యంత్రాలు ఇంగ్లీషులోనూ పనిచేస్తాయి, కార్డు తీసుకుంటాయి. 90 నిమిషాల టికెట్ 1.20 యూరోలు, లైన్ మారినా అదే చెల్లుతుంది. ఆరేళ్ళ లోపు పిల్లలకి టికెట్ లేదు. 24 గంటల టికెట్ 4.10. మీరు రెండేసార్లు ఎక్కుతారు కాబట్టి అది దండగ. ఒక్కొక్కరికి ఒక్కో టికెట్ ఉండాలి. లోపలికి వెళ్ళేటప్పుడే కాదు, బయటికి వచ్చేటప్పుడూ గేటు దగ్గర తాకించాలి, కాబట్టి పారేయకండి.

అది చివరి స్టేషన్ కనక కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. మొనాస్టిరాకీ దాటాక సింటగ్మాలో దిగి, ఎర్ర రంగు 2వ లైన్‌లో ఒక్క స్టేషన్ వెళ్తే అక్రోపొలీ. ఈ స్టేషన్లలో లిఫ్టులున్నాయి. తిరుగు ప్రయాణంలో జరిగే పొరపాటు ఒకటుంది: సింటగ్మాలో నీలం లైన్ ఒకవైపు విమానాశ్రయానికి వెళ్తుంది. మీరు ఎక్కాల్సింది దిమోతికో థియాత్రో అని బోర్డు ఉన్న రైలు.

టాక్సీ అయితే, మామూలు టాక్సీలో నలుగురికే అనుమతి, చిన్నపిల్లాణ్ణీ లెక్కిస్తారు. ఐదుగురికి రెండు టాక్సీలో, ముందే మాట్లాడుకున్న వ్యానో కావాలి. అమ్మగారి మోకాళ్ళ దృష్ట్యా వెళ్ళేటప్పుడు వ్యాన్, వచ్చేటప్పుడు మెట్రో అనుకున్నా బాగానే ఉంటుంది. వచ్చేటప్పుడు ఏథెన్స్ ట్రాఫిక్‌ని నమ్ముకోవడం కన్నా రైలే నయం.

నిమ్మతొన

జేబుదొంగల సంగతి ఎవరూ రాయలేదు. 1వ లైన్‌లోనూ మొనాస్టిరాకీ, సింటగ్మా స్టేషన్లలోనూ ఎక్కువ. రైలు తలుపు దగ్గర ముందు ఒకడు అడ్డం నిలబడతాడు, వెనక నుంచి ఇంకొకడు తోస్తాడు, ఆ తోపులాటలో పర్సు పోతుంది. ఓడ కార్డు, పాస్‌పోర్ట్ కాపీ, ఒక బ్యాంకు కార్డు లోపలి జేబులో పెట్టుకుని, ఇంకో కార్డు వేరొకరి దగ్గర ఉంచండి.

గోదారిగట్టు

అమ్మ పైదాకా ఎక్కగలదా? బాబుకి తోపుడు బండి తీసుకెళ్ళొచ్చా?

పాలపిట్ట

అక్రోపొలిస్‌కి రెండు ప్రవేశాలు. అక్రోపొలీ మెట్రోకి దగ్గరది ఆగ్నేయ ద్వారం. రద్దీ తక్కువ, డయనైసస్ థియేటర్ చూసుకుంటూ దక్షిణపు వాలు మీదుగా ఎక్కొచ్చు. కానీ ఆ ఎక్కుడు పొడవు. ప్రధాన ద్వారం పడమర వైపు. ఎటు వెళ్ళినా పైన ప్రొపైలయా అనే పాత ముఖద్వారం దగ్గర పాలరాతి మెట్లు తప్పవు. ఆ రాయి శతాబ్దాల నడకకి అరిగి నున్నగా మెరుస్తుంది, పొడిగా ఉన్నా జారుతుంది. మంచి పట్టున్న బూట్లు వేయించండి. చెప్పులు, నున్నని అడుగున్న బూట్లు వద్దు.

కొండ ఉత్తరం వైపు 2020 డిసెంబర్ నుంచి కొత్త లిఫ్టు నడుస్తోంది. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళకి, నడవలేనివాళ్ళకి ఉద్దేశించింది. మోకాళ్ళ నొప్పి అని నోటిమాటగా చెబితే ఒప్పుకోకపోవచ్చు. డాక్టర్ ఇంగ్లీషులో రాసిచ్చిన కాగితం తీసుకెళ్ళండి, ముందే ఈమెయిల్ చేయండి, పడమటి ద్వారం దగ్గరికి వెళ్ళి అడగండి. గాలి బలంగా వీస్తే దాన్ని ఆపేస్తారు కాబట్టి రెండో ఆలోచన కూడా ఉండాలి. అమ్మగారు, నాన్నగారు కింద అక్రోపొలిస్ మ్యూజియంలో కూర్చోవచ్చు. మ్యూజియానికి టికెట్ వేరే. చల్లగా ఉంటుంది, లిఫ్టులున్నాయి, పై అంతస్తు అద్దాల్లోంచి కొండ మీది ప్రధాన ఆలయం పార్థెనాన్ నేరుగా కనిపిస్తుంది. కొండ మీది ఇంకో గుడి ఎరెక్థియాన్ వసారా కప్పుని మోసిన ఆరు స్త్రీమూర్తుల్లో ఐదు అసలువి ఇక్కడే ఉన్నాయి, ఆరోది లండన్‌లో. కొండ మీద నిలబెట్టినవి నకళ్ళు. అంటే పైకి ఎక్కనివాళ్ళకే అసలు శిల్పాలు దగ్గరగా కనిపిస్తాయి. అమ్మగారికి ఇది ఏమాత్రం తక్కువ దర్శనం కాదు, ఆ మాట ముందే చెప్పండి.

తోపుడు బండి, పెద్ద బ్యాగు కింద అప్పగించాల్సి వస్తుంది. బాబుని ఎత్తుకునే క్యారియర్ మేలు. ఒక్కొక్కరికి లీటరు నీళ్ళు, టోపీ. పైన నీడ లేదు. వడగాడ్పులు వీచే రోజుల్లో మధ్యాహ్నం వేళ మొత్తం మూసేస్తారు, మీ 10 గంటల టికెట్‌కి సాధారణంగా ఆ బెడద ఉండదు.

తెరచాప

దీన్నిబట్టి రోజు ఇలా కుదురుతుంది: 10 నుంచి 12 కొండ, 1:30 వరకు మ్యూజియం, తర్వాత కొండ కిందున్న పాతబస్తీ ప్లాకా వీధుల్లో భోజనం. 3కి సింటగ్మాలో పార్లమెంటు ముందు సైనికుల కాపలా మార్పిడి ఉంటుంది, ప్రతి గంటకీ జరుగుతుంది. బాబుకి తప్పక నచ్చుతుంది, పైగా రైలు అక్కడే ఎక్కాలి. భోజనం ఆలస్యమైతే కాపలా మార్పిడి వదిలేయండి, 3:15 రైలు మాత్రం వదలొద్దు.

నిమ్మతొన

తిండికి ఇబ్బంది లేదు. ఫావా అడగండి, పసుప్పచ్చ బఠానీ పప్పు మెత్తగా ఉడికించి ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేసి ఇస్తారు, మన ముద్దపప్పు లాగానే ఉంటుంది. యిగాంతెస్ అంటే టమాటా పులుసులో పెద్ద చిక్కుడు గింజలు. అన్నం కూరిన టమాటాలు, మిరపకాయలు, ద్రాక్షాకు చుట్టలు రెండు రకాలుగా చేస్తారు, కొన్నిట్లో ఖీమా ఉంటుంది, అడిగి తీరాలి. నిస్తీసిమో అని అడిగితే మాంసం, పాలు, గుడ్లు లేని ఉపవాసపు వంటలు చూపిస్తారు. అందులో రొయ్యలు, కణవ లాంటివి రావచ్చు, అది కూడా వద్దని చెప్పండి. ఫెటా చీజ్‌లో జంతువుల రెన్నెట్ (పాలు గడ్డకట్టడానికి జంతువు కడుపులోంచి తీసే పదార్థం) వాడటం మామూలు, మీకు పట్టింపు ఉంటే మానండి.

గోదారిగట్టు

ఆ రోజు మెట్రో సమ్మె ఉంటే? ఒకవేళ ఓడ తప్పిపోతే?

పాలపిట్ట

సమ్మెలు అరుదేం కాదు, సాధారణంగా ముందే ప్రకటిస్తారు. వారం ముందు నుంచి వార్తలు చూడండి. ఆ రోజు టాక్సీలకి గిరాకీ పెరుగుతుంది కాబట్టి వ్యాన్ ముందే మాట్లాడుకోవాలి. అదీ కుదరకపోతే పిరేయస్‌లోనే ఉండి అక్కడి పురావస్తు మ్యూజియం చూడొచ్చు. 1959లో అదే ఊళ్ళో తవ్వకాల్లో దొరికిన కంచు అపోలో, ఎథీనా విగ్రహాలు అందులో ఉన్నాయి.

ఓడ తప్పడానికి తరచూ కారణం గడియారం. ఇటలీకన్నా గ్రీస్ ఒక గంట ముందు. ఫోన్ దానంతటదే మారుతుంది, ఓడ సమయం మారకపోవచ్చు. దిగే ముందు ఓడ గడియారంతో ఒక చేతి గడియారం కలుపుకోండి, 5:30 ఏ లెక్కనో మెట్ల దగ్గర సిబ్బందిని అడగండి. ఓడవాళ్ళ టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్ళినవాళ్ళ కోసం ఆగదు.

ఓడలో ఇచ్చే రోజువారీ కాగితంలో రేవు ఏజెంట్ (ఆ ఊళ్ళో ఓడ కంపెనీ మనిషి) నంబర్ ఉంటుంది, ఫొటో తీసుకోండి. తప్పితే మొదటి ఫోన్ ఆయనకే. మీ మర్నాటి మజిలీ మికొనోస్ కనుక, తెల్లవారాక పిరేయస్ నుంచి ఫెర్రీ ఎక్కితే వేగంగా వెళ్ళేవి మూడు గంటల్లోపు, మామూలువి సుమారు ఐదు గంటల్లో చేరుస్తాయి. పాస్‌పోర్టులు ఓడ దగ్గర ఉంచుకుంటే, ఫొటో, వీసా పేజీల కాపీలు ఒక్కొక్కరివి విడిగా మీ దగ్గరుండాలి. అమ్మానాన్నలకి వాళ్ళ కాపీలు వాళ్ళ చేతికే ఇవ్వండి, అందరివీ ఒకే బ్యాగులో పెట్టకండి.