కొండల్లో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకి ఏ వాకీటాకీ తీసుకోవాలి?
ఈ సీజన్‌లో నేనూ మా తమ్ముడూ అమెరికాలోని రాకీ పర్వతాల్లో ఎల్క్ వేటకి వెళ్తున్నాం, లోపలికెళ్తే ఫోన్ సిగ్నల్ అస్సలుండదు. ఎఫ్‌ఆర్‌ఎస్ (మామూలు జనం వాడుకునే తక్కువ పవర్ రేడియో) సెట్లకి లైసెన్స్ అక్కర్లేదు గానీ 2 వాట్లు దాటవు, యాంటెనా మార్చుకునే వీల్లేదు. జీఎమ్‌ఆర్‌ఎస్ (అలాంటిదే, ఎక్కువ పవర్ ఉండి లైసెన్స్ కావాల్సిన రేడియో) అయితే చేతిసెట్లలోనే 5 వాట్లవి దొరుకుతాయి, పరీక్ష లేకుండా 35 డాలర్లు కడితే లైసెన్స్ 10 ఏళ్లు ఇంట్లోవాళ్లందరికీ పనికొస్తుంది. డబ్బా మీద రాసే మైళ్ల లెక్క నేను నమ్మను, మధ్యలో కొండ అడ్డొస్తే ఎన్ని వాట్లున్నా మాట అవతలికి చేరడం కష్టమే కదా. అసలు టెన్షన్ చలిలో బ్యాటరీ గురించి. ఏఏ లిథియం సెల్స్ పట్టేది, గ్లౌజులు తియ్యకుండానే బటన్ నొక్కగలిగేది ఏదైనా వాడారా? జంతువు జాడ రేడియోలో చెప్పుకోవడం కొన్ని రాష్ట్రాల్లో నిషేధం, మాకు కావాల్సింది దారి తప్పినా దెబ్బ తగిలినా ఒకర్నొకరు పిలుచుకోవడానికే. దట్టమైన చెట్లలో ఎఫ్‌ఆర్‌ఎస్ సరిపోతుందా, వాడినవాళ్లు చెప్పండి ప్లీజ్.