‘అసాధ్యమను మాట … నిఘంటువులో’: నెపోలియన్ వాక్యంలో చెరిగిపోయిన పదం ఏది?

అడిగినవారు:
ఏడో తరగతిలో మా తెలుగు మాస్టారు నా నోటుపుస్తకం మొదటి పేజీలో తమ చేత్తో రాసి ఇచ్చిన ఒక వాక్యం కొన్నాళ్లుగా నన్ను వదలడం లేదు. ‘అసాధ్యమను మాట’ అని మొదలవుతుంది. తర్వాతి పదం తడిసి చెరిగిపోయింది, ‘నిఘంటువులో’ మిగిలింది, క్రియ ఉండవలసిన చోట కాగితమే చిరిగిపోయింది. కింద ‘నెపోలియన్’ అని ఉంది. అది ‘మూర్ఖుల నిఘంటువులోనే ఉండును’ అని నా జ్ఞాపకం. అదే మాస్టారి దగ్గర చదువుకున్న మా అక్కయ్య మాత్రం ‘ఫ్రెంచివారి నిఘంటువులో లేదు’ అని గట్టిగా అంటోంది. అడుగుదామంటే ఆయన ఇప్పుడు లేరు. ఏది సరైన పాఠమో పెద్దలు చెప్పగలరు.

తెనాలి నుంచి, విశ్రాంత తెలుగు అధ్యాపకుడు:
మూర్ఖుల పాఠమే మన బడుల్లో ఎక్కువగా వినిపించేది. అందుకు కారణం నెపోలియన్ కాదు, ఏనుగు లక్ష్మణకవి అని నా నమ్మకం. ‘తిరిగి కుందేటి కొమ్ము సాధింపవచ్చు’ అని కంఠస్థం చేసినవాడికి, సాధ్యాసాధ్యాల ప్రసక్తి రాగానే ఆ వెంటనే వచ్చే పాదంలోని మూర్ఖులు గుర్తుకు రాక మానరు. ఇక్కడ ఒక్క అక్షరాన్ని గమనించమని మనవి. భర్తృహరి శ్లోకంలో ఉన్నది ‘ఆసాదయేత్’, అంటే పొందవచ్చునని, అది ఒత్తులేని ‘ద’. దాన్ని లక్ష్మణకవి ‘సాధింపవచ్చు’ అని ఒత్తు ‘ధ’తో తెలుగు చేశాడు. దొరకడం వేరు, సాధించడం వేరు. మూలంలో తిరుగుతూ తిరుగుతూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు దొరికే కొమ్ము, తెలుగులో మనిషి పట్టుదలకు లొంగిన కొమ్ము అయింది. ఆ ఒక్క ఒత్తుకే ఆ కవికి చేతులెత్తి నమస్కరిస్తాను. మీ మాస్టారు తెలుగు చెప్పినవారు కనుక ఆయన కలం నుంచి ‘మూర్ఖుల’ అన్న మాటే వచ్చి ఉంటుంది.

యానాం నుంచి:
మాస్టారు గారికి నమస్కారం. మూర్ఖులు మనవాళ్ల నోట ఎలా కుదురుకున్నారో మీరు చక్కగా చెప్పారు కాని, నెపోలియన్ రాసిన ఉత్తరంలో మూర్ఖులూ లేరు, నిఘంటువూ లేదు. 1813 జూలై 9న, మాగ్డెబుర్గ్ కోట గవర్నరుగా ఉన్న జనరల్ లెమరువాకు ఆయన రాసినది ఇంతే: ‘వీలు కాదని మీరు రాస్తున్నారు, అది ఫ్రెంచి కాదు.’ చిక్కంతా మూలంలో చివరన ఉన్న ‘ఫ్రాన్సే’ అన్న ఫ్రెంచి మాటలో ఉంది. దాన్ని భాష పేరుగా తీసుకుంటే ‘ఆ మాట ఫ్రెంచిలో లేదు’ అని అర్థం వస్తుంది, అక్కడి నుంచి నిఘంటువు ఒక్క అడుగు దూరమే. జాతి పేరుగా తీసుకుంటే ‘అది ఫ్రెంచివాడి నోట రావలసిన మాట కాదు’ అవుతుంది. అందుచేత అక్కయ్యగారి పాఠమే మూలానికి దగ్గర. మా ఇంట్లో ఫ్రెంచి చదువుకున్న పెద్దలు దీన్ని సామెతగానే వాడేవారు, నెపోలియన్ పేరు కూడా చెప్పేవారు కాదు.

వరంగల్ నుంచి, న్యాయవాది:
జాతి అర్థమే సరైనదని నేను వాదిస్తాను. 1804 మే 18 నాటి శాసనం ఆయనకిచ్చిన బిరుదు ‘ఫ్రాన్సు చక్రవర్తి’ కాదు, ‘ఫ్రెంచివారి చక్రవర్తి’. మన పాఠ్యపుస్తకాలు ఈ షష్ఠీవిభక్తిని పట్టించుకోవు. పాత రాజులు నేలకు రాజులు. విప్లవం పదహారో లూయీని ‘ఫ్రెంచివారి రాజు’గా మార్చింది, నెపోలియన్ ఆ మార్పును తన బిరుదులో నిలుపుకున్నాడు. 1799 నవంబరులో సైన్యం అండతో అధికారం చేజిక్కించుకున్నవాడికి ప్రజల పేరు అవసరమైంది. ఆయన చక్రవర్తి అయిన తరువాత కూడా 1808 వరకు నాణేలకు ఒకవైపు ‘నెపోలియన్ చక్రవర్తి’ అనీ, రెండోవైపు ‘ఫ్రెంచి గణతంత్రం’ అనీ ముద్రించారు. అదే 1804 మార్చి 21న వెలువడిన 2281 అధికరణాల పౌరస్మృతిలో ఎనిమిదవది ‘ప్రతి ఫ్రెంచివాడూ పౌరహక్కులు అనుభవిస్తాడు’ అంటుంది. ఆయన మిగిల్చిపోయి ఈనాటికీ బతికి ఉన్నవాటిలో ఆ స్మృతి ఒకటి. అయితే భార్య భర్తకు విధేయురాలై ఉండాలని శాసించినదీ ఆ స్మృతే, అంతకు రెండేళ్ల ముందు వలసల్లో బానిసత్వాన్ని నిలబెట్టినదీ ఆయనే. కనుక ఆ ‘ఫ్రాన్సే’ అన్న మాటలోకి ఎవరు వస్తారు, ఎవరు రారు అన్నది చిన్న ప్రశ్న కాదు.

యానాం నుంచి:
లాయరు గారూ, బిరుదు గురించి మీరు చెప్పినది కాదనను. కాని ఆ మాట అన్న మనిషికి ఫ్రెంచి మాతృభాష కాదని మరిచిపోకూడదు. జెనోవావారు కోర్సికాను ఫ్రాన్సుకు అప్పగించిన మరుసటి ఏడాది, 1769లో, ఆయన అజాక్సియోలో పుట్టాడు. ఫ్రెంచి నేర్చుకున్నది తొమ్మిదేళ్ల వయసులో ఓతూన్ బడిలో. 1796 వరకు ఇంటిపేరును ఇటాలియను పద్ధతిలో ‘బువొనపార్తె’ అనే రాసుకున్నాడు. (తెలుగులో ‘బోనపార్టీ’ అంటూ చివర పలికే అచ్చు ఫ్రెంచి ఉచ్చారణలో లేదు, ఇటాలియనులో ఉంది.) పరాయి భాషను కష్టపడి నేర్చుకున్నవాడు ‘అది ఫ్రెంచి కాదు’ అన్నప్పుడు నాకు వినిపించేది జాతిగర్వం కన్నా, పిల్లవాడి నోటుపుస్తకంలో ‘ఇది తెలుగు కాదు’ అని ఎర్రసిరాతో దిద్దే అయ్యవారి గొంతు.

రాజమహేంద్రవరం నుంచి, ఆయుర్వేద వైద్యుడు:
మీరందరూ తర్వాతి పదం దగ్గర ఆగిపోయారు, నా అభ్యంతరం మొదటి పదం మీద. లెమరువా రాసినది ‘వీలు కాదు’ అని. దాన్ని ‘అసాధ్యం’ అన్నవారెవరు? మా శాస్త్రంలో వ్యాధులు సాధ్యాలు, కష్టసాధ్యాలు, యాప్యాలు (పూర్తిగా నయం కాకున్నా చికిత్సతో అదుపులో ఉండేవి), అసాధ్యాలు. వైద్యుడు ఏ పేరు పెడితే దానికి తగినట్టు చికిత్స నడుస్తుంది. కాబట్టి ‘అ’కారాన్నీ ‘కష్ట’ శబ్దాన్నీ తారుమారు చేయకూడదు. పైగా తెలుగులో ఈ మాటకు ఇంకో ప్రాణం ఉంది. ‘వాడు అసాధ్యుడు’ అంటే ఎవరికీ లొంగనివాడని అర్థం, మా నాయనమ్మ ‘నీ అసాధ్యం కూలా!’ అన్నది ముద్దుచేసేటప్పుడే. నెపోలియన్‌కు ఏ తెలుగు మాట తగునంటే నేను అసాధ్యుడనే చెబుతాను. ఉత్తరం నాటికి ఆయన పరిస్థితి మాత్రం వేరు. అంతకు ముందు ఏడాది రష్యాలో మహాసైన్యం నాశనమైంది, మరో మూడు నెలల్లో లైప్‌జిగ్‌లో ఓటమి ఎదురైంది. అక్కడ సరైన మాట ‘అశక్యం’. శక్తి చాలడం లేదన్నదే లెమరువా సేనాని మొర.

తెనాలి నుంచి:
వైద్యులవారి భేదం బాగుంది. ఆ సేనాని ఆ మొర తరువాత కూడా కోటను వదలలేదు. 1814 ఏప్రిల్‌లో చక్రవర్తి సింహాసనం వదులుకునే వరకు మాగ్డెబుర్గ్ ఆయన చేతిలోనే ఉంది. ఇక అసలు ప్రశ్నకు వస్తే, అడిగినవారు ఒక్కటి చూసి చెప్పండి. చెరిగిన పదం కింద ఏమైనా గీత మిగిలిందా? ‘మూర్ఖుల’లో ఖ ఒత్తు, ‘ఫ్రెంచివారి’లో ర ఒత్తు పంక్తి కిందికి దిగుతాయి. మీ మాస్టారు పాతకాలంవారై వలపలగిలక (రకారానికి బదులు అక్షరం కుడిపక్కన రాసే గుర్తు) వాడేవారైతే ‘మూర్ఖుల’కు కింద ఒత్తే ఉండదు. అప్పుడు గీత ఉంటే అక్కయ్యగారే గెలిచినట్టు.

అడిగినవారు:
భూతద్దంతో చూశాను. పదం కింద ఒక చిన్న వంకర గీత ఉంది, అది ఖ ఒత్తో ర ఒత్తో పోల్చలేకపోయాను. మాస్టారు దిద్దిన మిగతా పేజీలు కూడా తిరగేశాను. నాలుగో పేజీలో ‘ధర్మము’ను వలపలగిలకతో రాశారు, తొమ్మిదో పేజీలో మ ఒత్తుతో రాశారు. అక్కయ్య పుస్తకాలు మా ఊళ్లో అటక మీద ఉన్నాయి, ఈసారి వెళ్లినప్పుడు దింపించి వాటిలోనూ చూస్తాను.